ఎంత? ఏది?: బరువు తగ్గడంపై నూటయాభై ఏళ్ల ఆహారవాదాలు - ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

బరువు తగ్గడానికి పిండిపదార్థాలను తగ్గించాలా, తినే మొత్తం కేలరీలను లెక్కించాలా అన్న వాదం నిన్నమొన్నటిదిగా కనిపిస్తుంది. కాని దానికి నూటయాభై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. 1863లో లండన్‌లో వెలువడిన ఒక చిన్న పుస్తకం మొదలుకొని ఇటీవలి వైద్యపరీక్షల వరకు ఈ వాదం నడిచిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ రెండు పక్షాలూ ఒకే ప్రశ్నకు చెప్పిన రెండు జవాబులు కావని, ‘ఎంత తింటున్నాం’, ‘అంత ఎందుకు తినగలుగుతున్నాం’ అనే రెండు వేర్వేరు ప్రశ్నలకు చెప్పిన జవాబులని ప్రతిపాదిస్తుంది. అన్నం అన్న మాటే భోజనానికి పర్యాయపదమైన తెలుగు సమాజంలో ఈ వాదం ఎలా అర్థమవుతున్నదో చివరగా చర్చిస్తుంది.

కీలకపదాలు: స్థూలకాయం, కేలరీ, పిండిపదార్థాలు, బాంటింగ్, మదరాసు కరవు, అన్నం.

1. ప్రవేశిక:

స్థూలకాయం ఆధునిక కాలపు సమస్య మాత్రమే కాదు. చరకసంహిత సూత్రస్థానం అతిస్థూలుని, అతికృశుని ఒకే అధ్యాయంలో చర్చించింది. స్థూలునికి కడుపు నింపేదిగా ఉంటూనే పోషణ తక్కువగా ఇచ్చే ఆహారం పెట్టాలని చెప్పి యవలు, చామలు, ఆరికలు, పెసలు, ఉలవలు వంటివాటిని సూచించింది. ఇందులో పరిమాణం గురించిన ఆలోచనా ఉంది, పదార్థ స్వభావం గురించిన ఆలోచనా ఉంది. ఆధునిక యుగంలో ఈ రెండూ విడిపోయి, ఒకదానితో ఒకటి తలపడే పక్షాలుగా మారాయి. ఆ విభజన ఎప్పుడు, ఏ అవసరాల వల్ల జరిగిందో తెలుసుకుంటే నేటి వాదంలోని బలాబలాలు స్పష్టమవుతాయి.

2. బాంటింగ్ లేఖ:

పిండిపదార్థాలే స్థూలకాయానికి మూలమన్న అభిప్రాయాన్ని ఫ్రెంచి రచయిత బ్రియా-సావరాఁ 1825లో వెలువడిన తన రుచిశాస్త్ర గ్రంథంలోనే వ్యక్తం చేశాడు. దాన్ని సామాన్యుల్లోకి తెచ్చినవాడు మాత్రం వైద్యుడు కాదు. లండన్‌లో రాజకుటుంబపు అంత్యక్రియల ఏర్పాట్లు చూసే సంస్థను నడిపిన విలియం బాంటింగ్. 1862లో అరవై అయిదేళ్ల వయసులో అతని ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు, బరువు 202 పౌన్లు. వినికిడి తగ్గుతున్నదని అతడు విలియం హార్వే అనే చెవివైద్యుని దగ్గరకు వెళ్లాడు. హార్వే అంతకుముందు పారిస్‌లో క్లాడ్ బెర్నార్డ్ మధుమేహంపై చేసిన ఉపన్యాసాలు విన్నవాడు. రొట్టె, వెన్న, పాలు, చక్కెర, బీరు, బంగాళాదుంపలు మానమని సలహా ఇచ్చాడు. ఏడాది తిరిగేసరికి బాంటింగ్ బరువు నలభై పౌన్లకు పైగా తగ్గింది. తన అనుభవాన్ని 1863లో ‘స్థూలకాయంపై లేఖ’గా అచ్చువేయించి, తొలి ముద్రణను ఉచితంగా పంచాడు. ఆంగ్లంలో అతని పేరు క్రియాపదంగా మారింది. స్వీడిష్ భాషలో ‘బాంటా’ అంటే నేటికీ బరువు తగ్గడానికి పథ్యం చేయడమే.

బాంటింగ్‌ను నేటి అల్పపిండి ఆహారవాదులు తమ ఆదిపురుషునిగా చెప్పుకుంటారు. ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. మొదటిది, హార్వే మానమన్న జాబితాలో వెన్న కూడా ఉంది. కాబట్టి అది కొవ్వును ప్రధానం చేసిన నేటి పద్ధతి కాదు. రెండవది, రొట్టె, వెన్న, పాలు, చక్కెర, బీరు ఒక్కసారిగా మానితే తినే మొత్తం కూడా తగ్గడం సహజం. అంటే బాంటింగ్ అనుభవాన్ని ఇరుపక్షాలూ తమ సాక్ష్యంగా చూపవచ్చు. కాని బాంటింగ్ ఏమీ లెక్కపెట్టలేదన్నది కూడా అంతే ముఖ్యం. లెక్కపెట్టడానికి కావలసిన కొలమానం అప్పటికి వంటింట్లోకి రాలేదు.

3. కేలరీ - ఆకలి కొలమానం:

జీవి శరీరంలో జరిగేది ఒకవిధమైన దహనమేనని లవాయిజియే, లాప్లాస్‌లు 1782-83 శీతకాలంలో గినీపందిని మంచు నిండిన పరికరంలో ఉంచి, కరిగిన మంచును కొలిచి చూపారు. కేలరీ అన్న మాట తరువాతి తరంలో ఫ్రాన్సులో, ఆవిరియంత్రాల అధ్యయనంలో ఉష్ణానికి ప్రమాణంగా వాడుకలోకి వచ్చింది. దాన్ని ఆహారానికి స్థిరంగా అన్వయించినవారు జర్మనీలో మాక్స్ రూబ్నర్, అమెరికాలో విల్బర్ ఆట్‌వాటర్. ఆట్‌వాటర్ 1890లలో కనెక్టికట్‌లోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో మనిషి పట్టేంత గదిని నిర్మించి, అందులో మనుషుల ఉష్ణవ్యయాన్ని కొలిచాడు. ఒక గ్రాము మాంసకృత్తులకు 4, కొవ్వుకు 9, పిండిపదార్థాలకు 4 కేలరీలు అన్న లెక్క ఆయన కృషి ఫలితం. నేటికీ పొట్లాలమీద అచ్చయ్యే అంకెలకు ఆధారం అదే.

అయితే ఆట్‌వాటర్ ఉద్దేశం ఎవరినీ సన్నబరచడం కాదు. తక్కువ కూలితో బతికే కార్మికుడు తన డబ్బుకు ఎక్కువ శక్తినిచ్చే ఆహారం ఎలా కొనుక్కోవాలన్నది ఆయన ప్రశ్న. కేలరీ పుట్టింది లేమిని కొలవడానికి. భారతదేశంలోనూ అది చాలాకాలం ఆ పనే చేసింది. 1979లో ప్రణాళికా సంఘం నియమించిన కార్యదళం దారిద్ర్యరేఖకు ఆధారంగా గ్రామాల్లో రోజుకు మనిషికి 2400, పట్టణాల్లో 2100 కేలరీలను తీసుకుంది. ఒకే కొలమానం ఒకచోట ‘ఇంతకన్నా తగ్గరాదు’ అని, మరొకచోట ‘ఇంతకన్నా మించరాదు’ అని చెప్పడం ఈ చరిత్రలో మరవరాని అంశం.

4. ఒక పౌను ధాన్యం:

ఆహారాన్ని కేవలం పరిమాణంగా చూడవచ్చా అన్న వాదం కేలరీ కంటే ముందే తెలుగు నేలమీద ప్రాణసంకటమైన రూపంలో జరిగింది. 1876-78 నాటి మహాకరవు మదరాసు రాజధానిలో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలను తీవ్రంగా దెబ్బతీసింది. 1877 ఆరంభంలో వైస్రాయి ప్రతినిధిగా వచ్చిన రిచర్డ్ టెంపుల్ ఖర్చు తగ్గించడానికి సహాయక పనుల కూలీల వేతనాన్ని రోజుకు ఒక పౌను ధాన్యం ప్రాతిపదికన కుదించాడు. మదరాసు పారిశుధ్య కమిషనరు డబ్ల్యు. ఆర్. కార్నిష్ దీన్ని గట్టిగా వ్యతిరేకించాడు. పని చేసే మనిషికి కనీసం ఒకటిన్నర పౌను ధాన్యం కావాలని, ధాన్యం ఒక్కటే చాలదని, మాంసకృత్తుల కోసం పప్పు కూడా ఉండాలని ఆయన వాదించాడు.

కార్నిష్ వాదంలో ‘ఎంత’, ‘ఏది’ అన్న రెండు ప్రశ్నలూ విడిపోకుండా కలిసే ఉన్నాయి. టెంపుల్ దృష్టిలో ఆహారం ఖజానా లెక్కలో ఒక పద్దు. కార్నిష్ దృష్టిలో అది శరీరం. అంకె అవసరమే. కాని దాన్ని ఎవరు, ఎవరికోసం, ఏ ఉద్దేశంతో నిర్ణయిస్తున్నారన్న ప్రశ్న దాన్నుంచి విడదీయరానిది.

5. కొలత నుంచి నీతికి:

కేలరీని బరువు తగ్గించే సాధనంగా ఇంటింటికీ చేర్చినది లాస్ ఏంజలిస్ వైద్యురాలు లూలూ హంట్ పీటర్స్. ఆమె 1918లో రాసిన ‘డైట్ అండ్ హెల్త్’ విశేష ప్రజాదరణ పొందింది. ఇకమీదట రొట్టెముక్క అని కాక వంద కేలరీల రొట్టె అని ఆలోచించడం అలవాటు చేసుకోమని ఆమె పాఠకులకు నేర్పింది. అది మొదటి ప్రపంచయుద్ధ కాలం. ఆహారాన్ని పొదుపు చేయడం దేశభక్తిగా ప్రచారమవుతున్న సమయం. ఆ వాతావరణంలో లావుగా ఉండటం ఆహారాన్ని అక్రమంగా నిల్వచేయడంతో సమానమన్న ధోరణి ఆమె పుస్తకంలోకి చొరబడింది. ఇక్కడ కేలరీ భౌతికశాస్త్రపు ప్రమాణం నుంచి నడవడిని తూచే తక్కెడగా మారింది. లెక్క తప్పితే తప్పు తిన్నవారిదే. బరువు తగ్గనివారిది బలహీనతే.

ఈ నైతికభారం మీద తిరుగుబాటుగానే అల్పపిండివాదం మళ్లీ మళ్లీ తలెత్తింది. 1956లో కెక్‌విక్, పవాన్‌లు లాన్సెట్ పత్రికలో, మొత్తం కేలరీలు సమానమైనా కొవ్వు ప్రధానమైన ఆహారం తిన్నవారు ఎక్కువ బరువు తగ్గారని ప్రకటించారు. ఆ పరీక్షలు కొద్దిరోజుల పాటే సాగాయి. పిండిపదార్థాలు తగ్గినప్పుడు శరీరంలోని గ్లైకోజన్‌తోపాటు నీరు కూడా పోతుంది కాబట్టి తొలిరోజుల్లో తగ్గిన బరువంతా కొవ్వు కాదన్న విమర్శ వచ్చింది. 1972లో రాబర్ట్ ఆట్కిన్స్ పుస్తకం ఈ వాదాన్ని లక్షలాది పాఠకులకు చేర్చింది. తప్పు తినేవారిది కాదు, తినమని చెప్పిన పదార్థానిదే అన్న మాట దాని ఆకర్షణలో పెద్ద భాగం. మరోవైపు 1977లో అమెరికా సెనేట్ సంఘం కొవ్వును శక్తిలో 30 శాతానికి తగ్గించి, పిండిపదార్థాలను 55-60 శాతానికి పెంచమని సిఫారసు చేసింది. 1992 నాటి ఆహార పిరమిడ్‌కు పునాదిగా నిలిచినవి రొట్టె, ధాన్యాలే. 2002 నుంచి గ్యారీ టౌబ్స్ రచనలు ఈ సిఫారసులనే దోషిగా నిలబెట్టాయి.

6. పరీక్షల సాక్ష్యం:

ఈ శతాబ్దంలో జరిగిన వైద్యపరీక్షలు ఇరుపక్షాల ఆశలనూ పూర్తిగా తీర్చలేదు. 2003లో 63 మందిపై జరిగిన పరీక్షలో అల్పపిండి ఆహారం తీసుకున్నవారు ఆరునెలలకు ఎక్కువ బరువు తగ్గారు. ఏడాది చివరికి చెప్పుకోదగ్గ తేడా మిగలలేదు. 2009లో 811 మందికి నాలుగు రకాల ఆహారాలిచ్చి రెండేళ్లు గమనించిన పరిశోధనలోనూ బరువు తగ్గుదల దాదాపు సమానమే. 2018లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 609 మందిపై చేసిన పరీక్షలో ఏడాదికి అల్పకొవ్వు వర్గం సగటున 5.3 కిలోలు, అల్పపిండి వర్గం 6 కిలోలు తగ్గాయి. ఆ తేడా గణాంకపరంగా లెక్కలోకి వచ్చేది కాదు. ముందుగా ఆశించినట్లు జన్యువులు గాని, ఇన్సులిన్ స్థాయి గాని ఎవరికి ఏ ఆహారం పనిచేస్తుందో చెప్పలేకపోయాయి.

ఈ పరీక్షలో ఎవరికీ కేలరీల పరిమితి పెట్టలేదు. చక్కెర, మైదా, ప్యాకెట్ తిండి మాని కూరగాయలు, ఇంటి వంట ఎక్కువగా తినమని మాత్రమే ఇరువర్గాలకూ చెప్పారు. అయినా ఇద్దరూ తినే కేలరీలు తగ్గాయి. 2019లో కెవిన్ హాల్ బృందం 20 మందిని పరిశోధనాలయంలో ఉంచి చేసిన పరీక్షలో, చక్కెర, కొవ్వు, పీచు సమానంగా ఉండేలా వడ్డించినా, అతిగా శుద్ధిచేసిన ఆహారం దొరికినప్పుడు వారు రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు. అదే బృందం 2021లో ప్రకటించిన మరో పరీక్షలో, ఇన్సులిన్ సిద్ధాంతం చెప్పినదానికి భిన్నంగా, అల్పకొవ్వు ఆహారం తిన్నప్పుడే తక్కువ కేలరీలు తిన్నారు.

వీటన్నిటినీ కలిపి చూస్తే ఒక విషయం తేలుతుంది. బరువు మారడానికి శక్తి జమాఖర్చుల తేడా కావాలన్న కేలరీవాదుల మాట నిలుస్తుంది. కాని ఆ తేడా ఎందుకు వస్తుందో ఆ లెక్క చెప్పదు. ఏ పదార్థం ఆకలిని తీర్చి ఆపుతుంది, ఏది మరింత తినిపిస్తుంది అన్నది పదార్థ స్వభావాన్ని బట్టి ఉంటుందన్న అవతలి పక్షపు గ్రహింపూ నిలుస్తుంది. నిలవనిది, ఆ స్వభావాన్నంతా ఒక్క పిండిపదార్థానికే ఆపాదించడం.

7. తెలుగు సందర్భం:

గత దశాబ్దంలో వీరమాచనేని రామకృష్ణ ప్రచారం చేసిన ఆహారపద్ధతి వల్ల ఈ వాదం తెలుగువారి ఇళ్లలోకి వచ్చింది. దాన్ని అర్థం చేసుకోవడంలో భాష పాత్రను గమనించాలి. ‘అన్నం తిన్నారా’ అన్న పలకరింపు, అన్నప్రాశన, అన్నదానం, అన్నదాత అన్న మాటలు చెబుతున్నట్లు అన్నం మనకు కేవలం ఒక వంటకం కాదు, భోజనానికే పేరు. అందువల్ల దాన్ని మానమనడం విస్తరిలో ఒక పదార్థాన్ని తీసేయడంగా కాక, భోజనమే మానమన్నట్లు వినబడుతుంది. అయితే ఈ అన్నం అన్ని ప్రాంతాల్లో, అన్ని కాలాల్లో వరి అన్నం కాదు. పల్నాటి జొన్నకూటిపై శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న చాటువులే ఇందుకు సాక్ష్యం. కాలువల సేద్యం, ఆ తరువాత 1983లో మొదలైన రెండు రూపాయల కిలో బియ్యం పథకం వరి అన్నాన్ని పేదవారికి అందుబాటులోకి తెచ్చాయి. కరవు జ్ఞాపకం ఉన్న సమాజంలో అది చిన్న విజయం కాదు.

పరిభాష కూడా కొంత గందరగోళం కలిగిస్తున్నది. పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిన ‘పిండిపదార్థాలు’ అన్న మాట వినగానే స్ఫురించేది బియ్యం. పళ్లరసం, బెల్లం, చక్కెర కూడా ఆ కోవలోనివేనని తోచదు. అన్నం మాని అంతకంతా చపాతీలు తిని పథ్యం చేస్తున్నామనుకునేవారు మన మధ్య ఎందరో. ‘కొవ్వు’ అన్న మాటదీ అదే తీరు. తిండిలోని కొవ్వుకు, ఒంటిలోని కొవ్వుకు, మనిషి పొగరుకు మనకు ఒకే మాట. పీటర్స్ పుస్తకంలోని నైతిక తీర్పు మన నుడిలోనే ఇమిడి ఉన్నది. మరోవైపు ‘ఒళ్లు చేశాడు’ అనడంలో నిందకన్నా సంతోషమే ఎక్కువ. లేమిని చూసిన సమాజపు సంతోషం అది.

1918లో కూనూరులో బెరిబెరి పరిశోధనతో మొదలై 1958లో హైదరాబాదుకు తరలిన జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన మార్గదర్శకాలు ధాన్యాల నుంచి వచ్చే శక్తి మొత్తంలో 45 శాతానికి మించరాదని చెప్పాయి. దేశంలో అది 50 నుంచి 70 శాతం దాకా ఉన్నదని గుర్తించాయి. ఇది అన్నాన్ని బహిష్కరించమనే మాట కాదు. విస్తరిలో పప్పుకు, కూరకు చోటు పెంచమనే మాట. 1877లో కార్నిష్ కూలీల తరఫున అడిగినదీ ఇంచుమించు ఇదే. ఇక్కడ అడ్డంకి సంకల్పబలం లేకపోవడం కన్నా పప్పు ధర, కూరగాయల ధర కావచ్చునన్నది విస్మరించరాదు.

8. ముగింపు:

కేలరీ లెక్కకు, అల్పపిండి ఆహారానికి మధ్య వాదం శాస్త్రవివాదంగా కనిపించినా, దాని అడుగున ఉన్నది బాధ్యత ఎవరిదన్న ప్రశ్న. ఒక పక్షం మనిషిని, మరొక పక్షం పదార్థాన్ని దోషిగా చూపింది. చరిత్ర చూపుతున్నది మూడవ అంశాన్ని: ఏ ఆహారం ఎవరికి, ఏ ధరకు, ఏ రూపంలో అందుబాటులో ఉంచుతున్నామన్నది. ‘ఎంత’ అన్న ప్రశ్నను ‘ఏది’ నుంచి విడదీసినప్పుడల్లా ఆ నష్టాన్ని భరించింది తినే మనిషే. తెలుగు ఆహారపదజాలం, ప్రాంతీయ భోజన సంప్రదాయాలు, కరవు కథనాలపై జరిగే పరిశోధనలు ఈ రెండు ప్రశ్నలనూ తిరిగి కలిపి చూడటానికి తోడ్పడగలవు.