రుణ భిన్నాల కూడిక, తీసివేత

సున్న కంటే తక్కువ విలువ గల భిన్నాన్ని రుణ భిన్నం అంటారు. ధన, రుణ సంఖ్యల కూడిక, తీసివేతలకు బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628లో ‘బ్రాహ్మస్ఫుట సిద్ధాంతం’లో స్పష్టమైన సూత్రాలు చెప్పాడు. గుర్తులు ఒకటే అయితే విలువలను కూడి అదే గుర్తు ఉంచాలి. వేరైతే గుర్తులు పక్కన పెట్టి పెద్ద విలువలోంచి చిన్నదాన్ని తీసి, పెద్దదాని గుర్తు ఇవ్వాలి.

భిన్నాలకైతే ముందు హారాలు సమానం కావాలి. −3/4 + 5/6 లో హారాల క.సా.గు. 12; అంటే −9/12 + 10/12 = 1/12. రుణ గుర్తును లవానికే చేర్చి రాసుకోవడం మేలు.

తీసివేత అంటే రెండో భిన్నపు సంకలన విలోమాన్ని (గుర్తు మార్చిన రూపాన్ని) కూడడమే: −2/3 − (−1/4) = −8/12 + 3/12 = −5/12. విద్యార్థులు ఎక్కువగా తడబడేది కుండలీకరణాల దగ్గర. ముందున్న రుణ గుర్తు లోపలి ప్రతి పదం గుర్తునూ మారుస్తుంది: 1/2 − (1/3 − 1/4) = 1/2 − 1/3 + 1/4 = 5/12.