అల్మరాలోని పాత విస్కీ సీసా.. విలువున్నా విక్రయిస్తే నేరమే

నాచారం: విదేశాల నుంచి వచ్చిన బంధువులు కానుకగా ఇచ్చిన విస్కీ సీసాలు ఉప్పల్, నాచారం ప్రాంతాల్లోని కొన్ని ఇళ్లలో ఏళ్ల తరబడి మూత తీయకుండానే ఉంటున్నాయి. పాత సీసాలకు లక్షలు పలుకుతాయన్న మాట విని అమ్మకానికి సిద్ధపడేవారు ముందుగా రెండు విషయాలు తెలుసుకోవాలి. ఆ సీసాకు నిజంగా విలువ ఉన్నదా? ఉంటే ఇక్కడ విక్రయించవచ్చునా?

ధర దేనికి?

విస్కీ చెక్కపీపాలో ఉన్నంతకాలమే పరిపక్వమవుతుంది. గాజు సీసాలోకి చేరిన తర్వాత దాని వయసు పెరగదు. 12 ఏళ్ల విస్కీని మరో 20 ఏళ్లు దాచినా అది 12 ఏళ్లదిగానే పరిగణిస్తారు. కనుక ధరను నిర్ణయించేది ప్రధానంగా అరుదుదనమే. 2023 నవంబరులో లండన్‌లోని సోథెబీస్ వేలంలో మెకాలన్ 1926 సీసా ఒకటి 21 లక్షల పౌండ్లకు పైగా పలికింది. 60 ఏళ్లు నిల్వ ఉంచిన ఆ పీపా నుంచి 1986లో నింపినవి 40 సీసాలు మాత్రమే. 1983లో మూతపడి ఇటీవల తిరిగి తెరుచుకున్న పోర్ట్ ఎలెన్, బ్రోరా డిస్టిలరీల పాత సరుకుకు గిరాకీ ఉండటానికీ ఇదే కారణం. విమానాశ్రయ దుకాణాల్లో విరివిగా దొరికే రకాలకు అంత ధర ఆశించరాదు.

పరిశీలించాల్సినవి

* మద్యం మట్టం సీసా మెడ వరకు ఉండాలి. భుజం కిందికి దిగితే ఆవిరైనట్లే. ధర తగ్గుతుంది.
* సీలు, లేబులు చెక్కుచెదరకుండా ఉండాలి. అసలు పెట్టె, కొనుగోలు రశీదు ఉంటే మేలు.
* సీసాను నిలువుగా, ఎండ తగలని చోట ఉంచాలి. పడుకోబెడితే బిరడా పాడవుతుంది.
* అమ్మకందారులు అడిగే ధరను కాక, గత వేలాల్లో వాస్తవంగా పలికిన ధరను ప్రమాణంగా తీసుకోవాలి. అందులోంచి వేలం సంస్థ కమీషన్ మినహాయించాలి.

నకిలీల బెడద

స్విట్జర్లాండ్‌లోని ఒక హోటల్‌లో 2017లో ఓ అతిథి 1878 నాటి మెకాలన్ అని నమ్మి ఒక్క పెగ్గుకు సుమారు 10 వేల స్విస్ ఫ్రాంకులు చెల్లించారు. అది 1970ల ఆరంభం నాటి మిశ్రమమని పరీక్షల్లో తేలింది. 2018లో స్కాట్లాండ్ ప్రయోగశాలలో 55 అరుదైన సీసాలను పరీక్షించగా 21 నకిలీవని లేదా లేబులుపై ఉన్న సంవత్సరానివి కావని వెల్లడైంది.

చట్టం ఏమంటోంది?

రాజ్యాంగం ప్రకారం మద్యం రాష్ట్రాల పరిధిలోని అంశం. తెలంగాణ ఎక్సైజ్ చట్టం, 1968 ప్రకారం లైసెన్సు లేనిదే మద్యం విక్రయించరాదు. అమ్మేది సొంత ఇంటి సీసా ఒక్కటే అయినా మినహాయింపు లేదు. నేరం రుజువైతే జైలు, జరిమానా తప్పవు. వాట్సాప్ గ్రూపుల్లో ఫొటో పెట్టి ధర అడగడం, కొరియర్‌లో పంపడం చిక్కులు తెచ్చిపెడతాయి. పన్ను లేకుండా విదేశాల నుంచి ప్రయాణికుడు తెచ్చుకోగల 2 లీటర్ల మద్యం సొంత వాడకానికే తప్ప వ్యాపారానికి కాదు.

ఖాళీ సీసాలతోనూ జాగ్రత్త వహించాలి. ఖరీదైన బ్రాండ్ల సీసాలను సేకరించి చౌక మద్యం నింపి అమ్మే ముఠాలు హైదరాబాద్‌లో పలుమార్లు పట్టుబడ్డాయి. పాత సామాన్ల వారికి ఇచ్చే ముందు లేబులు చించి, మూతను పనికిరాకుండా చేయడం ఉత్తమం.

మార్గం ఉన్నదా?

సీసా విదేశంలోనే ఉంటే ఉంది. బ్రిటన్‌లో ఉన్నవారు వేలం సంస్థల ద్వారా విక్రయించుకోవచ్చు. అమెరికాలో రాష్ట్రానికో నిబంధన. కెంటకీలో 2018 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం వ్యక్తులు పాతకాలపు మద్యాన్ని లైసెన్సు ఉన్న దుకాణాలకు అమ్మవచ్చు. కాబట్టి అక్కడ ఉన్న పిల్లలు, బంధువుల వద్ద అరుదైన సీసా ఉంటే దానిని ఇక్కడికి తేకుండా అక్కడే విలువ కట్టించుకోవడం మేలు. ఇక్కడికి చేరిన సీసా జ్ఞాపకంగా మిగులుతుందే తప్ప ఆస్తి కాదు. సందేహాలుంటే విక్రయానికి ముందే స్థానిక ప్రొహిబిషన్, ఎక్సైజ్ స్టేషన్‌లో వాకబు చేయాలి.