సైకోసిస్ ఉన్నవారిలో మధుమేహం, బరువు నియంత్రణ

సైకోసిస్ అనగా వాస్తవానికి, భ్రమకు మధ్య తేడా గుర్తించలేని స్థితిని కలిగించే తీవ్రమైన మానసిక రుగ్మత. లేని మాటలు వినిపించడం, ఆధారం లేని అనుమానాలు బలపడటం దీని ముఖ్య లక్షణాలు. ఈ కోవకు చెందిన వ్యాధులలో స్కిజోఫ్రీనియా ప్రధానమైనది. స్కిజోఫ్రీనియా ఉన్నవారిలో రెండవ రకం మధుమేహం సాధారణ జనాభాలో కంటే రెండు మూడు రెట్లు అధికంగా కనిపిస్తుంది. వీరి ఆయుర్దాయం ఇతరుల కంటే సుమారు 10 నుండి 20 సంవత్సరాలు తక్కువ. ఈ అకాల మరణాలలో అధిక భాగానికి గుండెజబ్బుల వంటి శారీరక వ్యాధులే కారణం. అందువలన మనోవ్యాధి చికిత్సతో పాటు ఆహారం, వ్యాయామం, బరువు విషయంలో మొదటి నుండి శ్రద్ధ వహించడం అవసరం.

నేపథ్యం

మతిభ్రమణం ఎక్కువగా ఉన్న కుటుంబాలలో మధుమేహం కూడా తరచుగా కనిపిస్తుందని బ్రిటిష్ వైద్యుడు హెన్రీ మాడ్స్‌లీ 1879లోనే పేర్కొన్నాడు. సైకోసిస్‌కు మొదటి ఆధునిక ఔషధమైన క్లోర్‌ప్రోమజైన్ వాడుకలోకి వచ్చింది 1952లో. కనుక ఈ రెండు వ్యాధుల సంబంధానికి మందులు మాత్రమే కారణం కాదు.

కారణాలు

మందులు: క్లోజపైన్, ఒలాంజపైన్ మందులు బరువును అధికంగా పెంచుతాయి. రిస్పెరిడోన్, క్వెటియాపైన్‌ల ప్రభావం మధ్యస్థం, అరిపిప్రజోల్ ప్రభావం తక్కువ. ఇవి మెదడులోని హిస్టమిన్, సెరటోనిన్ గ్రాహకాలపై పనిచేసి ఆకలిని పెంచుతాయి, కడుపు నిండిన భావనను తగ్గిస్తాయి. చికిత్స మొదలైన తొలి నెలలలోనే బరువు వేగంగా పెరుగుతుంది.

ఇతర కారణాలు: వ్యాధి వలన కలిగే నిరాసక్తత, మందుల మగత, పొగత్రాగడం, నిరుద్యోగం, పేదరికం, వంశపారంపర్యత.

పరీక్షలు

అమెరికా మధుమేహ సంఘం, అమెరికా మానసిక వైద్యుల సంఘం తదితర సంస్థలు 2004లో ఉమ్మడిగా చేసిన సూచనల ప్రకారం మందు ప్రారంభించే ముందే బరువు, నడుము చుట్టుకొలత, రక్తపోటు, పరగడుపు చక్కెర, కొవ్వు పరీక్షలు చేయాలి. 4, 8, 12 వారాలకు, ఆ తరువాత మూడు నెలలకొకసారి బరువు చూడాలి. రక్తపోటు, చక్కెర 12 వారాలకు, తరువాత ఏటా పరీక్షించాలి.

భారతీయులలో తక్కువ బరువుకే మధుమేహం వస్తుంది. అందువలన శరీర ద్రవ్యరాశి సూచిక 23 దాటితే అధిక బరువుగా, 25 దాటితే స్థూలకాయంగా పరిగణిస్తారు. నడుము చుట్టుకొలత పురుషులకు 90 సెం.మీ., స్త్రీలకు 80 సెం.మీ. దాటరాదు.

ఆహారం, వ్యాయామం

కొన్ని మందుల వలన నోరు ఎండిపోతుంది. ఆ దాహానికి శీతల పానీయాలు, చక్కెర వేసిన టీ పదేపదే త్రాగడం బరువు పెరగడానికి ఒక ముఖ్య కారణం. వాటికి బదులు మంచినీరు, పలుచని మజ్జిగ తీసుకోవడం తేలికైన మొదటి మార్పు. తెలుగువారి భోజనంలో అన్నం పాలు తగ్గించి పప్పు, కూరగాయలు పెంచవచ్చు. రోగికి ఒక్కరికే వేరే వంట చేయడం కంటే ఇంటిల్లిపాదీ అదే ఆహారం తీసుకుంటే మార్పు నిలుస్తుంది.

వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక మంచిది. పది నిమిషాలతో మొదలుపెట్టి క్రమంగా పెంచవచ్చు. ఉదయం మగతగా ఉండేవారికి సాయంత్రపు నడక అనుకూలం. తోడుగా మరొకరు నడవడం ఎంతో ఉపకరిస్తుంది.

పరిశోధనలు

* చైనా (2008): మందుల వలన బరువు పెరిగిన 128 మందిలో జీవనశైలి మార్పు, మెట్‌ఫార్మిన్ మాత్ర కలిపి ఇచ్చినప్పుడు ఫలితం అత్యుత్తమంగా ఉంది.
* అమెరికా (2013): మేరీల్యాండ్‌లో 291 మందికి వారు రోజూ వచ్చే పునరావాస కేంద్రాలలోనే వ్యాయామ తరగతులు, ఆహార శిక్షణ ఇచ్చారు. 18 నెలల తరువాత ఇతరులతో పోలిస్తే సగటున 3.2 కి.గ్రా. తేడా వచ్చింది.
* ఆస్ట్రేలియా (2016): సిడ్నీలో తొలిసారి సైకోసిస్ వచ్చిన యువతపై చేసిన చిన్న అధ్యయనమిది. 12 వారాలలో శిక్షణ పొందినవారు 1.8 కి.గ్రా., సాధారణ చికిత్స పొందినవారు 7.8 కి.గ్రా. పెరిగారు.
* డెన్మార్క్ (2016), బ్రిటన్ (2018): వరుసగా 428, 414 మందిపై జరిగిన ఈ పెద్ద అధ్యయనాలలో శిక్షణ వలన చెప్పుకోదగిన ప్రయోజనం కనబడలేదు.

దీనిని బట్టి సలహా ఒక్కటే చాలదని, పెరిగిన బరువు తగ్గించడం కంటే మొదట్లోనే పెరగకుండా చూడటం సులభమని భావించవచ్చు. బరువు తగ్గకపోవడాన్ని రోగి బద్ధకంగా భావించరాదు.

జాగ్రత్తలు

* బరువు పెరుగుతోందని మందు సొంతంగా మానివేయరాదు. వ్యాధి తిరగబెట్టే ప్రమాదం ఉంది. మందు మార్పు, మెట్‌ఫార్మిన్ వాడకం గురించి వైద్యుని సంప్రదించాలి.
* అతిదాహం, అతిమూత్రం, నీరసం వంటి లక్షణాలను మనోవ్యాధిలో భాగమని కొట్టిపారేయక చక్కెర పరీక్ష చేయించాలి.
* క్లోజపైన్ వాడేవారు పొగత్రాగడం మానితే రక్తంలో ఆ మందు స్థాయి పెరుగుతుంది. పొగ మానడం మేలే కాని ముందుగా వైద్యునికి తెలపాలి.
* ఇన్సులిన్ తీసుకునేవారు భోజనం మానితే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు.

ఇవి కూడా చూడండి

* మధుమేహం
* స్కిజోఫ్రీనియా
* స్థూలకాయం