రాక్షసబల్లులు చేసిన తప్పేమిటి?



డైనోసార్‌ను మనం తెలుగులో రాక్షసబల్లి అంటాం. ముందు రాక్షస అనే మాట చేరేసరికి, ఆ జంతువు ఏదో పాపం చేసి నశించిందన్న తలంపు మనకు తెలియకుండానే కలుగుతుంది. బలం చూసుకొని గర్వించాయి కాబట్టి తుడిచిపెట్టబడ్డాయి అని చెప్పేవాళ్లూ ఉన్నారు. ప్రసంగానికి పనికొచ్చే మాటే. అయితే అది నిజమేనా? ఈరోజు ఆ సంగతి కొంచెం నిదానంగా ఆలోచిద్దాం.

ఈ చరిత్ర పరాయి దేశాలదే కాదు, మన గోదావరిది కూడా. ప్రాణహిత గోదావరి లోయలో, తెలంగాణలోని యామనపల్లి దగ్గర, కనీసం 12 జంతువులకు చెందిన 840 ఎముక భాగాలు నేలలో దొరికాయి. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థకు చెందిన యాదగిరిగారు 1988లో ఆ జంతువుకు కోటాసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. అలా ఒక పల్లె పేరు ప్రపంచ శాస్త్ర పుస్తకాల్లోకి ఎక్కింది. సుమారు 9 మీటర్ల పొడవున్న దాని అస్థిపంజరం హైదరాబాదులోని బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉంది. పిల్లలను తీసుకువెళ్లి చూపించండి.

అదే లోయలో, నదికి అవతల మహారాష్ట్రలోని సిరొంచ ప్రాంతంలో, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వారు ఇంకా పెద్ద జంతువును తవ్వి తీశారు. దాని తొడ ఎముక ఒక్కటే సుమారు 1.7 మీటర్లు, అంటే ఒక మనిషి నిలువెత్తు. బెంగాలీలో బరా పా అంటే పెద్ద కాలు. ఆ మాటకు రవీంద్రనాథ్ టాగూర్ పేరు కలిపి, 1975లో దానిని బరాపాసారస్ టాగొరై అన్నారు.

ఇంత పెద్ద జంతువులు ఏం తినేవి? ఆకులు. సుమారు 18 కోట్ల సంవత్సరాల కిందటి ఆ అడవిలో పూలు లేవు, గడ్డి కూడా ఇంకా పుట్టలేదు. ఫెర్న్ మొక్కలు, సైకస్ లాంటి చెట్లు, సూది ఆకుల చెట్లు ఉండేవి. పొడవాటి మెడ చాచి వాటిని మేసే సాధు జంతువులివి. మనం రాక్షసులన్నది వీటినే!

ఆ లోయ రాళ్లలోనే ఇంకొకటి దొరికింది. ఎలుకంత ఉండే, పాలిచ్చే జంతువుల పళ్లు. ఆ పెద్ద కాళ్ల మధ్య, బహుశా రాత్రివేళ తిరుగుతూ, పురుగులు తిని బ్రదికిన చిన్న ప్రాణులవి. వాటిని మరచిపోకండి. మళ్లీ వాటి దగ్గరకే వస్తాం.

కోట్ల సంవత్సరాలు అనగానే కొందరు విశ్వాసులు కలవరపడతారు. పిల్లలు బడిలో ఈ పాఠం చదివి వచ్చి అడిగితే గద్దిస్తారు. దయచేసి అలా చేయవద్దు. అడిగిన బిడ్డ విశ్వాసం వదిలి అడగలేదు. నోరు మూయిస్తే మాత్రం, ఆ ప్రశ్నను మనతో కాక బయటెక్కడో అడగడం నేర్చుకుంటాడు.

డైనోసార్లు ఈ భూమిమీద 16 కోట్ల సంవత్సరాలకు పైగా ఉన్నాయి. మన మానవజాతి వయస్సు సుమారు 3 లక్షల సంవత్సరాలు. యామనపల్లి జంతువుల జాతి ముందే ముగిసిపోయినా, వాటి తరువాత వేరే జాతులు వచ్చాయి. గుజరాత్‌లోని బాలాసినోర్ దగ్గర ఆ చివరి కాలపు గుడ్లు కూడా దొరికాయి. అప్పుడు, సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల కిందట, అంతం వచ్చింది.

అది రెండు వైపుల నుండి వచ్చింది. ఆ కాలంలోనే మన దక్కను నేల చీలి లావా పొంగింది. నేటికీ సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర ఆ నల్లరాయి పరచుకొని ఉంది. పడమటి కనుమల వైపున పొంగిన లావాలో కొంత రాజమండ్రి దాకా ప్రవహించిందని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. అక్కడి క్వారీలలో నల్లరాతి పొరల మధ్య సున్నపురాయి, అందులో గవ్వలు, నత్తగుల్లలు కనబడతాయి. రెండు లావా ప్రవాహాల నడుమ అక్కడికి సముద్రపు నీరు వచ్చిందని వాటివల్లే తెలిసింది.

రెండవది ఆకాశం నుండి పడింది. సుమారు 10 కిలోమీటర్ల వెడల్పున్న ఒక రాయి మెక్సికోలోని యుకటాన్ తీరాన పడి, దాదాపు 180 కిలోమీటర్ల గొయ్యి చేసింది. అలాంటి పెద్ద రాయి ఒకటి భూమిని ఢీకొన్నదని 1980లో లూయిస్ ఆల్వరెజ్, ఆయన కుమారుడు వాల్టర్, వారితో పనిచేసినవారు చెప్పారు. భూమిపైన అరుదైన ఇరిడియం అనే లోహం, ఆ కాలపు మట్టిపొరలో లెక్కకు మించి ఉండటమే వారికి దొరికిన ఆధారం. దుమ్ము, మసి, గంధకం ఆకాశాన్ని కప్పాయి. ఎండ లేక ఆకు పోయింది. ఆకు పోయాక దాన్ని తినేవి, వాటిని తినేవి వరుసగా పోయాయి. జీవజాతులలో నాలుగింట మూడు వంతులు ఇక లేకుండా పోయాయి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. అవి చేసిన తప్పేమిటి? ఏమీ లేదు. నిన్నటిదాకా వాటిని పోషించిన పెద్ద శరీరమే ఆ కరువులో భారమైంది. తక్కువ తిండితో, గింజలతో, పురుగులతో, బొరియల్లో గడపగలిగిన చిన్నవి మిగిలాయి. ఇందాక చెప్పిన ఆ ఎలుకంత ప్రాణుల వంశం మిగిలింది. మనం ఆ వైపువాళ్లమే. గెలిచినవి పుణ్యం చేయలేదు, పోయినవి పాపం చేయలేదు.

ఇది జంతువుల సంగతి మాత్రమే కాదు. ఊళ్లో పిడుగు పడి ఒకరు పోతే, వరదకు ఒక ఇల్లు కూలితే, వాళ్లేం చేశారో అని గుసగుసలాడతాం. సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు కూడా జనం అలాగే తలచారు. వారు మిగతావారికంటె పాపులు కారని ప్రభువు తేటగా చెప్పాడు. దుఃఖంలో ఉన్న ఇంటికి వెళ్లి లెక్కలు అడగవద్దు. పక్కన కూర్చోండి.

అయితే ఇంకొక మాట కూడా చెప్పాలి. డైనోసార్లు పూర్తిగా పోలేదు. వాటిలో రెక్కలున్న ఒక శాఖ మిగిలింది. అవే పక్షులు. మన పెరటి కోడి కూడా ఆ వంశమే. ఆ వంశానికి ఇప్పుడు వస్తున్న నష్టం ఆకాశం నుండి రావడం లేదు. ఒకప్పుడు చచ్చిన పశువు దగ్గర రాబందులు గుంపులుగా దిగేవి. పశువులకు నొప్పికి వేసిన డైక్లోఫెనాక్ మందు ఆ మాంసంతోపాటు వాటి కడుపులో చేరి, మూత్రపిండాలు పాడై లక్షల్లో చనిపోయాయి. 2006లో ప్రభుత్వం పశువులకు ఆ మందును నిషేధించేసరికే చాలామట్టుకు అయిపోయింది. తెలియక చేశాం, కాని చేసింది మనమే.

తెలిసి కాపాడిన కథ కూడా ఉంది. కలివికోడి ఇక లేదని 1900 తరువాత పుస్తకాలు రాశాయి. 1986లో కడప జిల్లాలో అది మళ్లీ కనిపించింది. దాని పొదలు పాడవకుండా లంకమల్ల అభయారణ్యం ఏర్పడింది. తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు.

ఆ రాయికి మనస్సాక్షి లేదు, లావాను ఎవరూ లెక్క అడగరు. మనకు మనస్సాక్షి ఉంది, మనల్ని అడిగేవాడూ ఉన్నాడు. కాబట్టి ఈ వారం ఇంట్లో మిగిలిన పశువుల మందు ఏదో పేరు చదివి చూడండి. చేను గట్టుమీద పొదకు నిప్పు పెట్టేముందు, అందులో గూడు ఉందేమో చూడండి. మన చేతికి అప్పగించబడిన చిన్న ప్రాణుల విషయంలో నమ్మకంగా ఉండే మనస్సు ప్రభువు మనకు దయచేయును గాక.