తాడోబా: చంద్రపూర్ పులుల అడవి

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో తాడోబా–అంధారి పులుల అభయారణ్యం ఉంది. ఆ రాష్ట్రంలోని జాతీయ ఉద్యానవనాల్లో తాడోబాదే అన్నిటికన్నా పాతది. లోపలి కోర్, దాని చుట్టూ ఉన్న బఫర్ ప్రాంతాలు కలిపి అభయారణ్యం విస్తీర్ణం దాదాపు 1,727 చదరపు కిలోమీటర్లు. 2022 గణనలో ఇక్కడ 97 పులులు ఉన్నట్టు తేలింది.

ఒకప్పుడు ఈ అడవులు గోండు రాజుల ఏలుబడిలో ఉండేవి. చంద్రపూర్ పాత పేరు చాందా. గోండు రాజు ఖాండ్క్యా బల్లాళ్ షా బల్లార్‌పూర్ నుంచి రాజధానిని ఇక్కడికి మార్చాడని చెబుతారు. నగరం చుట్టూ కోటగోడ, జట్‌పురా, పఠాన్‌పురా వంటి ద్వారాలు నేటికీ నిలిచి ఉన్నాయి. ఆ తర్వాత నాగపూర్ భోంస్లేల చేతుల్లోకి వెళ్ళిన చాందా కోటను 1818లో ఆంగ్లేయులు పట్టుకున్నారు.

తాడోబాకు ఆ పేరు ఒక దేవుడి వల్ల వచ్చింది. తారు అనే గ్రామపెద్ద పులితో పోరాడి ప్రాణాలు విడిచాడనీ, జనం ఆయన్ని దేవుణ్ణి చేసి కొలుచుకున్నారనీ గోండుల గాథ. అడవి నడుమ చెరువు గట్టున, పెద్ద చెట్టు కింద ఆయన గుడి ఉంది. పుష్యమాసంలో అక్కడ జాతర చేసేవారు. మొసళ్ళకు నెలవైన ఆ చెరువుకే పులులు నీళ్ళకు వస్తాయి. పులి చంపిన మనిషి పేరే పులుల అడవికి నిలిచిపోవడం ఈ చోటు చరిత్రలోకెల్లా ఆలోచింపజేసే విషయం.

ఈ అడవిలో వేటను 1935లో పూర్తిగా నిషేధించారు. 1955లో సుమారు 116 చదరపు కిలోమీటర్ల అడవిని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. పక్కనే ఉన్న అడవి 1986లో అంధారి అభయారణ్యమైంది. ఆ పేరు దాని గుండా పారే నదిది. రెండింటినీ కలిపి 1995లో పులుల అభయారణ్యంగా తీర్చారు. బఫర్ ప్రాంతం 2010లో చేరింది. టేకు, వెదురు, నల్లమద్ది, తునికి, ఇప్ప ఇక్కడి ప్రధాన వృక్షాలు. పులితో పాటు చిరుత, ఎలుగుబంటి, అడవిదున్న, రేచుకుక్క ఉంటాయి. మొహర్లీ, కొలారా ద్వారాల దగ్గర పర్యాటకులు సఫారీ జీపులెక్కుతారు. ఎండాకాలంలో నీటిగుంటల దగ్గర పులులు తేలిగ్గా కనబడతాయి కాబట్టి మండుటెండల్లోనూ సందర్శకుల రద్దీ తగ్గదు.

ఈ అడవికి గ్రామాలు చెల్లించిన మూల్యం చిన్నది కాదు. కోర్ ప్రాంతంలోని బోటెఝరి, జామ్ని వంటి పల్లెలను ఖాళీ చేయించి వేరే చోటికి తరలించారు. బఫర్‌లో మిగిలినవారికి ఇప్పపూలు ఏరుకోవడం, తునికాకు కోయడం బతుకుతెరువు. ఆ పనులకు అడవిలోకి వెళ్ళిన ఆడవాళ్ళు పులి బారిన పడిన ఘటనలు ఈ జిల్లాలో ఎన్నో. 2021 నవంబరులో పులుల గణన కోసం కాలినడకన వెళ్ళిన ఒక అటవీ ఉద్యోగినికి కొలారా రేంజిలో దారిపై ఆడపులి కనిపించింది. ఆమె పక్కనుంచి చుట్టు తిరిగి వెళ్ళబోగా అది వెంబడించి చంపింది. సఫారీ ఫొటోల్లో ఈ కోణం కనబడదు.

ఇంకోపక్క గనుల ఒత్తిడి ఉంది. చంద్రపూర్ బొగ్గు జిల్లా. దుర్గాపూర్‌లోని థర్మల్ విద్యుత్ కేంద్రం సామర్థ్యం 2,920 మెగావాట్లు. తాడోబాకు దగ్గర్లోని లోహారా అడవిలో తలపెట్టిన బొగ్గు గనిని స్థానికులు గట్టిగా వ్యతిరేకించారు. 2009లో అది ఆగింది. రైలు పట్టాల ముప్పు సరేసరి. 2018 నవంబరులో చంద్రపూర్–గోందియా మార్గంలో రైలు కింద పడి మూడు పులిపిల్లలు చనిపోయాయి.

పులులు పెరిగేకొద్దీ ఈ అడవి చాలక బయటికి నడుస్తున్నాయి. కొన్నింటిని అధికారులే తరలించారు. 2024లో జమున, జీనత్ అనే రెండు ఆడపులులను ఒడిశాలోని సిమ్లిపాల్‌కు పంపగా, జీనత్ జార్ఖండ్, పశ్చిమ బెంగాల్ అడవుల దాకా తిరిగింది.

సొంతంగా కదిలే పులుల్లో కొన్ని దక్షిణానికి, తెలంగాణ వైపు వస్తాయి. వార్ధా నది అవతల ఉన్న రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాలోదే. భాష, బంధుత్వాలు నేటికీ అటూ ఇటూ అల్లుకుని ఉన్నాయి. ఇదే దారిన పులులు కాగజ్‌నగర్ అడవులకు చేరి పిల్లల్ని కూడా పెట్టాయి. 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన కవ్వాల్‌కు ఈ దారే ఆధారం. 2020 నవంబరులో కుమురం భీం జిల్లాలో ఒక్క నెలలోనే ఇద్దరు పులి దాడుల్లో మరణించారు. వారిలో ఒకరు పత్తి చేనులో పని చేసుకుంటున్న యువతి. పత్తి ఏరే కాలం వస్తే అక్కడి అటవీ సిబ్బంది ఊరూరా తిరిగి, గుంపుగా వెళ్ళమని, పొద్దు వాలకముందే ఇళ్ళు చేరమని చెబుతుంటారు.