బోనులో పాముకు ఎర

పామును పట్టి ఉంచడం మన దేశంలో ఎప్పటి నుంచో ఉంది. పట్టిన పాముకు సరిగ్గా తిండి పెట్టడం మాత్రం నూరేళ్ళకు కాస్త పైబడిన విద్య. ఎలుకను ప్రాణంతో వేయాలా, చంపి వేయాలా అన్న ప్రశ్నకు జవాబు తేలేలోపు ఎన్నో పాములు ఆకలితో, పుళ్ళతో చచ్చాయి; ఎన్నో ఎలుకలు అనవసరంగా నరకం చూశాయి.

పొలంలో ఈ ప్రశ్నే లేదు. 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తయి కాలువల నీళ్ళు పారాక, కృష్ణా డెల్టాలో మెట్ట చేలెన్నో వరి మాగాణులయ్యాయి. ముదినేపల్లి, గుడివాడ చేల నుంచి బందరు, దివిసీమ దాకా గట్టు గట్టుకీ ఎలుక కలుగులు వెలిశాయి. వరి వెన్నులు కొరికి కలుగులో దాచుకునే ఎలుక వెనకే నాగుపాము, రక్తపింజర, జెర్రిపోతు వచ్చాయి. రక్తపింజర మాటు వేసి ఒక్క కాటు వేసి వదిలేస్తుంది. విషం పని చేసేదాకా ఆగి, నాలుకతో వాసన పట్టుకుంటూ వెళ్ళి, చచ్చిన ఎలుకను మింగుతుంది. ఎలుక పళ్ళకు చిక్కకుండా ఉండటానికి అది నేర్చిన జాగ్రత్త ఇది. విషం లేని జెర్రిపోతు ఎరను తన ఒంటితో నేలకో, కలుగు గోడకో అదిమిపట్టి మింగుతుంది. ఏ పాముకైనా పొలంలో వేళ ఎంచుకునే స్వేచ్ఛ ఉంది, వద్దనుకుంటే తప్పుకునే దారీ ఉంది. పెట్టెలో ఈ రెండూ పోతాయి.

పట్టిన పామును మొదట సాకింది పాములవాళ్ళు. కోరలు పీకేసిన నాగుపాము ఎలుకను చంపలేదు. నోరు పుండుపడితే మింగనూ లేదు. వాళ్ళ బుట్టల్లోని పాములు ఎక్కువ కాలం బతికేవి కావు. ఒకటి పోతే మరొకటి పట్టుకురావడమే ఆ వృత్తి నడిచిన తీరు. పండుగల ముందు పాముకు నీళ్ళు కూడా పెట్టకుండా ఎండగట్టి, జనం ముందు గిన్నెలో పాలు పెడితే దాహానికి అది మూతి పెట్టేది. చూసినవాళ్ళు పాము పాలు తాగిందని మొక్కేవారు. పాము ఒంటికి పాలు అరగవు. బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం తీస్తాయి. కార్తీకమాసం నాగుల చవితికి పుట్టలో పాలు పోయడం, మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడికి అభిషేకం చేయడం భక్తికి సంబంధించినవి. వాటిని పాముకు మేతగా లెక్కవేయడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది.

శాస్త్రజ్ఞుల చూపు కూడా చాలాకాలం మేత మీద పడలేదు. 1781లో విశాఖపట్నం వచ్చిన పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు, 1785 నుంచి ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా కోరమాండల్ తీరపు పాములను సేకరించాడు. 1796లో అచ్చయిన అతని గ్రంథంలో చాలా పాములకు ఇక్కడి జనం పిలిచే తెలుగు పేర్లే ఉన్నాయి. అయినా అతని ప్రయోగాలు కోళ్ళనూ కుక్కలనూ కరిపించి ఏది విషప్పామో తేల్చుకోవడానికే. 1872లో జోసెఫ్ ఫేరర్ తెచ్చిన పెద్ద గ్రంథంలోనూ ప్రధాన విషయం విషమే. పాము ఏం తిని బతకాలన్న ప్రశ్న దాన్ని ఏళ్ళ తరబడి ఉంచాల్సినవాళ్ళకే ఎదురైంది.

లండన్ జంతుప్రదర్శనశాలలో 1849లో పాముల కోసమే ఒక ఇల్లు తెరిచారు. ప్రపంచంలో అలాంటిది అదే మొదటిది. అక్కడ చాలాకాలం ప్రాణమున్న జంతువులనే ఎరగా వేసేవారు. అది చూడటానికి జనం వచ్చేవారు, సహించలేనివారు అభ్యంతరం చెప్పేవారు. పాములు ప్రాణమున్నదాన్ని తప్ప ముట్టవన్నది నిర్వాహకుల జవాబు. ఆ మాట నిజమో కాదో పరీక్షించి చూసినవారు ఆ ప్రదర్శనశాలను నడిపే సంస్థ కార్యదర్శి పీటర్ చామర్స్ మిచెల్, అక్కడి పర్యవేక్షకుడు ఆర్. ఐ. పొకాక్. 1907లో వాళ్ళు ప్రచురించిన వ్యాసం ప్రకారం చాలా పాములు చచ్చిన ఎరనూ తింటాయి. అదే వ్యాసంలో మరో సంగతి ఉంది: పామును చూసి కోతులు హడలిపోయాయి గానీ, చిన్న జంతువులు చాలావరకు పట్టించుకోలేదు. భయపడని ఎలుకే పాముకు ప్రమాదమని ఆ తర్వాత పాములు పెంచేవారికి అనుభవం మీద తెలిసింది.

ఆ ప్రమాదం ఇలా జరుగుతుంది. కుబుసం విడవబోయే పాముకు కళ్ళు తెల్లబడి చూపు మసకబారుతుంది. పెట్టెలో వెచ్చదనం చాలకపోతే ఒంట్లో చురుకుండదు. అలాంటి సమయంలో ఎలుకను వదిలి మూత పెట్టేస్తే పాము మూలకు చుట్టుకుంటుంది. ఆకలేసిన ఎలుక తిండి వెతుక్కుంటుంది. పెట్టెలో పాము తప్ప ఇంకేమీ లేదు. మొదట పొలుసు కొరుకుతుంది, ఆ తర్వాత చర్మం, కండ. తెల్లారేసరికి వెన్నెముక బయటపడ్డ పాములు పశువైద్యుల దగ్గరికి వస్తూనే ఉంటాయి. పాము ఎలుకను పట్టినా, తల వైపు కాకుండా నడుం దగ్గర పడితే అది తిరగబడి కన్నో దవడో కరుస్తుంది. ఎలుక వైపు నుంచి చూసినా ఇది తప్పించదగిన బాధే. పారిపోయే దారి లేనిచోట దాన్ని పాముతో మూసి ఉంచడాన్ని వేట అనలేం.

అందుకే ఇప్పుడు అమెరికా, ఐరోపాల్లో పెంచేవారు ఎక్కువగా బాధ లేకుండా చంపి గడ్డకట్టించిన ఎలుకలనే వాడుతున్నారు. ఎలుకను రాత్రంతా ఫ్రిజ్‌లో కరగనిచ్చి, గోరువెచ్చని నీళ్ళలో ఉంచి, లోపలి చల్లదనం పూర్తిగా పోయాక పొడవైన పట్టకారుతో అందిస్తారు. కొండచిలువ లాంటి పాములు ఆ వేడిని పసిగట్టి కాటు వేస్తాయి. ఎర లావు పాము నడుం లావుకు మించకూడదు. పిల్ల పాముకు వారానికోసారి, పెద్దదానికి రెండు మూడు వారాలకోసారి చాలు. తిన్నాక రెండు రోజులు దాన్ని ముట్టుకోకూడదు, ముట్టుకుంటే కక్కేస్తుంది. చచ్చిన ఎరను ఎంతకూ ముట్టని పాముకు ప్రాణమున్నది వేయక తప్పకపోతే, ఎదురుగా మనిషి ఉండాల్సిందే. కొద్ది నిమిషాల్లో పట్టకపోతే ఎలుకను బయటికి తీసేయాలి.

డెల్టాలో ఇంకో జాగ్రత్త ఉంది. గట్టు మీద దొరికిన ఎలుక ఎరగా పనికిరాదు. చేలలో బ్రోమాడయోలోన్, జింక్ ఫాస్ఫైడ్ కలిపిన మందు గింజలు వేస్తారు. వాటిని తిన్న ఎలుకను మింగిన పాముకూ ఆ విషం ఎక్కవచ్చు. పైగా ఎలుక మూత్రం వల్ల మనిషికి లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు సోకే ప్రమాదం ఉంది. వలలతో, బుట్టలతో ఎలుకలు పట్టే యానాదుల పని పొలానికి మందు కంటే మేలు చేసేది అందులో విషం లేదు కాబట్టే. వాళ్ళు పట్టిన గట్టున పాముకు విషం మిగలదు.

ఇంట్లో పామును ఉంచుకోవడం మన దగ్గర చాలావరకు నేరం. నాగుపాము, రక్తపింజర, జెర్రిపోతు, కొండచిలువలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. విదేశీ బాల్ పైథాన్ లాంటివి ఉన్నవారు 2022 సవరణ, 2024 నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. కాబట్టి డెల్టా ఊళ్ళలో పాముతో ఎక్కువమందికి పడే పని దాన్ని పట్టించి పంపడమే. ఇంట్లోనో చేలోనో దొరికిన పామును అటవీశాఖకు అప్పగించేలోపు దానికి ఏ మేతా అక్కర్లేదు. నిండు కడుపుతో కదిలిస్తే కక్కి నీరసపడుతుంది. గాలి ఆడే సంచీ, నీడ ఉంటే ఆ కాసేపటికి సరిపోతాయి. వారం రోజులు తినకపోయినా ఆరోగ్యంగా ఉన్న పాముకు ఏమీ కాదు.