పసివాళ్ళ జలుబు – ఒక టీకా కథ



చంటిబిడ్డకు జలుబు చేస్తే "పడిశమే కదా, వారంలో అదే పోతుంది" అనుకుంటాం. చాలాసార్లు పోతుంది కూడాను. కాని ఒక్కొక్కప్పుడు రెండు మూడు రోజుల్లోనే పిల్లికూతలు మొదలవుతాయి, బిడ్డ డొక్కలెగరేస్తాడు, పాలు తాగడు. దీనికి ముఖ్యకారణం ఆర్.ఎస్.వి. అనే వైరస్. రెండేళ్ళు నిండేలోగా ఇది సోకని బిడ్డ దాదాపు ఉండదు.

1956లో అమెరికాలో ఒక పరిశోధనశాలలో చింపాంజీలకు జలుబు చేసింది. ఈ వైరస్ మొదట దొరికింది వాటిలోనే. మరుసటి ఏడు రాబర్ట్ చానక్ అనే డాక్టరు జబ్బుపడిన పసిపిల్లల్లోనూ అదే ఉందని తేల్చారు. ఇంకేం, టీకా చేస్తే సరి అనుకున్నారు. వైరస్‌ను ఫార్మలిన్‌తో చంపి టీకా తయారుచేయడం అప్పటికే తెలిసిన విద్య. పోలియోకు సాల్క్ టీకా అలా వచ్చిందే.

1966లో పసిపిల్లలకు ఆ టీకా వేసి చూశారు. చలికాలం వచ్చింది, వైరసూ వచ్చింది. వాషింగ్టన్‌లో టీకా వేయించుకుని వైరస్ సోకిన పిల్లల్లో 80 శాతం మంది ఆస్పత్రి పాలయ్యారు. ఈ టీకా వేయని పిల్లల్లో అది 5 శాతమే. ఇద్దరు పసివాళ్ళు చనిపోయారు. బిడ్డకు మేలు జరుగుతుందని తీసుకువెళ్ళిన ఆ తల్లుల గర్భశోకం ఎంతటిదో మనకు వేరే చెప్పాలా!

పొరపాటు ఎక్కడో తెలియడానికి దశాబ్దాలు పట్టింది. ఈ వైరస్ మీద ఎఫ్ అనే ప్రొటీన్ ఉంటుంది. మన కణంలోకి దూరేముందు అది మొగ్గలా ముడుచుకుని ఉంటుంది, దూరేటప్పుడు విచ్చుకుంటుంది. విచ్చిన పువ్వు మళ్ళీ మొగ్గ కాదు గదా! పాత టీకాలో ఉన్నది ఆ విచ్చిన రూపమే. దాన్ని చూసి శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీలు అసలు వైరస్‌ను ఆపలేకపోయాయి. పైగా ఊపిరితిత్తుల్లో వాపు పెరిగింది.

2013లో జేసన్ మెక్‌లెల్లన్, బార్నీ గ్రాహం, వారి తోటి శాస్త్రజ్ఞులు ఆ మొగ్గను విచ్చుకోకుండా నిలిపే ఉపాయం కనిపెట్టారు. అటువంటి ఉపాయమే తరువాత కోవిడ్ టీకాలకూ పనికివచ్చింది. 2023లో అమెరికాలో ముందు అరవై దాటినవారికి, ఆగస్టులో గర్భిణులకు కొత్త టీకాలు అనుమతించారు.

బిడ్డ జబ్బుకు తల్లికి టీకా ఏమిటంటారా? ఎనిమిదో నెల ప్రాంతంలో వేస్తే తల్లి ఒంట్లో తయారైన యాంటీబాడీలు మాయ గుండా కడుపులోని బిడ్డకు చేరతాయి. పుట్టిన మొదటి మూడు నెలల్లో తీవ్రమైన జబ్బును ఇది 82 శాతం వరకు తగ్గించిందని పరీక్షల్లో తేలింది. 1966లో పసివాడి ఒంటిమీద వేసిన భారాన్ని ఇప్పుడు తల్లి మోస్తోందన్నమాట.

టీకా సంగతి మీ డాక్టరుగారిని అడగండి. జలుబు చేసినవాళ్ళు చేతులు కడుక్కోకుండా పసిబిడ్డను ఎత్తుకోనివ్వకండి. డొక్కలెగరేస్తుంటే మాత్రం తెల్లవారేదాకా ఆగకండి.